మామునూరుకు అనుమతి వచ్చింది సరే, విమానం ఎప్పుడొస్తుంది?

మాది ఉప్పల్. హనుమకొండలో ఉండే మా పెద్దమ్మ కొడుకు ఢిల్లీ వెళ్లాల్సి వచ్చిందంటే ముందు రోజే ఫోన్ వస్తుంది: "తమ్మీ, రాత్రికి మీ తాన పండుకుంట. పొద్దుగాల ఆరింటికి ఫ్లైటు." పదింటికి ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర బస్సు దిగుతాడు. నాలుగు మెతుకులు తిని, సూట్‌కేసు తలాపున పెట్టుకుని పడుకుంటాడు. మూడింటికల్లా లేచి క్యాబ్ ఎక్కేస్తాడు. మొన్న వచ్చినప్పుడు అన్నం తింటూ అడిగాడు: "మామునూరుకు పర్మిషన్ వచ్చిందని పేపర్ల నిండ వేసిండ్రు గద. మళ్ల నేనింకా మీ ఇంటికే ఎందుకు వస్తున్న?"

2025 ఫిబ్రవరి 28న కేంద్ర పౌర విమానయాన శాఖ వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయానికి పచ్చజెండా ఊపినప్పుడు ఓరుగల్లులో టపాసులు కాల్చారు. టీవీల్లో "150 కిలోమీటర్ల అడ్డంకి తొలగింది" అన్న మాట మారుమోగింది. అది నిజమే. కానీ ఆ రోజు తెరుచుకున్నది ఒక్క తాళమే. ఆ తలుపుకు ఇంకా కొన్ని తాళాలున్నాయి. వాటిలో అన్నిటికన్నా మొండిది దేనికి వేశారో వార్తల్లో పెద్దగా కనిపించదు.

150 కిలోమీటర్ల గీత ఎక్కడిది

2008 వరకు హైదరాబాద్‌కు విమానాశ్రయమంటే బేగంపేటే. ఊరు చుట్టూ పెరిగిపోవడంతో దాన్ని పెంచడానికి చోటు లేకుండా పోయింది. శంషాబాద్‌లో కొత్తది కట్టే పనిని ప్రభుత్వం ప్రైవేటు భాగస్వామ్యానికి అప్పగించింది. జీఎంఆర్ ప్రధాన వాటాదారుగా ఒక కంపెనీ ఏర్పడింది. అందులో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి 13 శాతం, రాష్ట్ర ప్రభుత్వానికి 13 శాతం వాటాలున్నాయి. ఆ కంపెనీకీ, కేంద్రానికీ మధ్య 2004 డిసెంబరులో కుదిరిన ఒప్పందాన్నే 'కన్సెషన్ అగ్రిమెంట్' అంటారు. కట్టి, నిర్దిష్ట కాలం నడిపి, ఆదాయంలో 4 శాతం కేంద్రానికి ఇస్తూ మిగతాది రాబట్టుకోమని ఇచ్చిన హక్కు పత్రం అది. 30 ఏళ్లకు రాసుకున్న ఆ గడువును తర్వాత మరో 30 ఏళ్లు పొడిగించారు. అంటే 2068 దాకా.

ఆ పత్రంలోనే పోటీ గురించిన షరతు ఉంది. శంషాబాద్ మొదలైన రోజు నుంచి 25 ఏళ్ల పాటు, అక్కడి నుంచి 150 కిలోమీటర్ల లోపు పోటీగా మరో పౌర విమానాశ్రయం లేవకూడదన్నది దాని సారం. శంషాబాద్‌లో విమానాలు మొదలైంది 2008 మార్చి 23న. ఆ రాత్రే బేగంపేటలో ప్రయాణికుల సర్వీసులు ఆగిపోయాయి. 25 ఏళ్లు కలిపితే 2033 మార్చి. ఒప్పందం 2068 దాకా నడిచినా ఈ రక్షణ మాత్రం అంతకు చాలా ముందే ముగుస్తుంది. ఈ తేడా చాలా చర్చల్లో జారిపోతుంది.

పేరు ఒకటే, నిబంధనలు మూడు

గందరగోళానికి అసలు కారణం, 150 అనే అంకె మూడు వేర్వేరు చోట్ల ఉండటం.

ఒకటి ఇప్పుడు చెప్పుకున్న శంషాబాద్ షరతు. అది రెండు పక్షాల మధ్య ఒప్పందం. మినహాయింపు కావాలంటే అవతలి పక్షం ఒప్పుకోవాలి, అంతే. బెంగళూరు ఒప్పందంలోనూ ఇలాంటిదే ఉంది. అక్కడ మైసూరు, హాసన్‌లను ముందే మినహాయించుకున్నారు. మనవాళ్లు వరంగల్‌ను ఎందుకు మినహాయించుకోలేదన్నది న్యాయమైన ప్రశ్నే. నా మటుకు నాకు, ఈ కథ మొత్తంలో జరిగిన అతి పెద్ద పొరపాటు ఇదే.

రెండోది 2008 నాటి గ్రీన్‌ఫీల్డ్ విమానాశ్రయాల విధానం. గ్రీన్‌ఫీల్డ్ అంటే ఖాళీ నేల మీద కొత్తగా కట్టేది, బ్రౌన్‌ఫీల్డ్ అంటే పాతదాన్ని బాగుచేసేది. పనిచేస్తున్న పౌర విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపు కొత్తది కట్టాలంటే, పాతదాని మీద పడే ప్రభావాన్ని చూసి ప్రభుత్వమే విడిగా నిర్ణయించాలని ఈ విధానం చెబుతుంది. ఇది నిషేధం కాదు, గట్టిగా చూసుకోమన్న హెచ్చరిక. గోవాలో దబోలిం ఉండగానే మోపా వచ్చింది, ముంబై ఉండగానే నవీ ముంబై వచ్చింది.

మూడోది ఢిల్లీ, ముంబై తరహా. అక్కడ 150 కిలోమీటర్ల లోపు రెండో విమానాశ్రయం కట్టడానికి అడ్డు లేదు. కాకపోతే బిడ్డింగులో పాత కంపెనీకి కొంత ముందు వరుస హక్కు దొరుకుతుంది.

మామునూరుకు అడ్డం పడింది మొదటిది. 2025లో జీఎంఆర్ కంపెనీ అభ్యంతరం లేదని చెప్పడంతో ఆ ముడి విడింది. ఆ సడలింపు మామునూరుకే పరిమితమని కూడా అప్పుడే స్పష్టంగా చెప్పారు.

మ్యాప్ మీద కొలిస్తే

ఒప్పందంలో చెప్పింది రోడ్డు దూరం కాదు, గగన దూరం. కాకి ఎగిరినట్టు తిన్నగా కొలవాలి. హనుమకొండ నుంచి శంషాబాద్‌కు ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కి వెళ్తే 150 దాటుతుంది కాబట్టి "మనం బయటే గదా" అనుకునేవాళ్లున్నారు. అక్షాంశ రేఖాంశాలతో లెక్కేస్తే శంషాబాద్ నుంచి మామునూరు సుమారు 145 కిలోమీటర్లు. అయిదు కిలోమీటర్ల తేడాతో గీత లోపల పడిపోయింది!

అదే పద్ధతిలో బీదర్ కొలిస్తే 125 దరిదాపుల్లో వస్తుంది, లోపలే. కర్నూలు దగ్గరి ఓర్వకల్లు 170 చిల్లర, బయట. అందుకే 2021లో ఓర్వకల్లు తెరిచినప్పుడు ఈ గొడవే లేదు. బీదర్‌లో టెర్మినల్ ఎప్పుడో సిద్ధమైనా, శంషాబాద్ వైపు అభ్యంతరాల మధ్య ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉంది. చివరికి ఒప్పుకున్నాక 2020 ఫిబ్రవరిలో బెంగళూరుకు మొదటి విమానం ఎగిరింది. ఆ తర్వాత బీదర్‌కు ఏమైందో చివర్లో చెబుతాను.

ఇప్పుడు అదే వృత్తం బయట ఉన్న మన ఊళ్లు చూడండి. ఆదిలాబాద్ 270 చేరువలో ఉంది. పాల్వంచ వైపు 230 పైమాటే. పెద్దపల్లి జిల్లా బసంత్‌నగర్ 190 పరిసరాల్లో, నిజామాబాద్ జిల్లా జక్రాన్‌పల్లి 160 దగ్గర ఉన్నాయి. మామునూరు, మహబూబ్‌నగర్ వైపు స్థలంతో పాటు ఈ నాలుగూ తెలంగాణ ప్రభుత్వం ఏళ్ల కిందటే విమానాశ్రయాల కోసం గుర్తించిన చోట్లే. ఈ నాలుగింటికీ 150 కిలోమీటర్ల షరతు ఏనాడూ అడ్డు కాదు. అయినా వీటిలో ఎక్కడి నుంచీ టికెట్ కొనుక్కుని విమానం ఎక్కే వీల్లేదు. తప్పంతా ఆ గీతదే అనేవాళ్లు ముందు ఈ నాలుగింటి సంగతి చెప్పాలి.

అసలు ఆ రక్షణ ఎందుకిచ్చారు

కంపెనీ వైపు నుంచి చూస్తే లెక్క సులభం. 2004లో ప్రైవేటు కంపెనీ ఇంత పెద్ద విమానాశ్రయం కట్టడం ఈ దేశానికి కొత్త. వేల కోట్ల అప్పిచ్చే బ్యాంకు అడిగేది ఒకటే: రేపు పక్కనే ఇంకోటి లేస్తే నా డబ్బు ఎవరు తీరుస్తారు? విమానాశ్రయం ఆదాయమంతా తల లెక్కే. ప్రయాణికుడి మీద వేసే యూడీఎఫ్ రుసుము, విమానాల ల్యాండింగ్ చార్జీలు, పార్కింగ్, లోపలి దుకాణాల అద్దెలు, అన్నీ ఎంతమంది వచ్చారన్న దాని మీదే ఆధారపడతాయి. కొన్నేళ్లు జనం చీలిపోరన్న హామీ లేకపోతే అప్పు పుట్టదు, పుట్టినా వడ్డీ మండిపోతుంది. ఆ భారమూ చివరికి ప్రయాణికుడి టికెట్ మీదే పడుతుంది.

అవతలి వాదనకూ బలముంది. ఆ విమానాశ్రయానికి ప్రభుత్వం దాదాపు 5,500 ఎకరాల భూమి లీజుకిచ్చింది, 315 కోట్ల వడ్డీ లేని అప్పిచ్చింది, 107 కోట్ల గ్రాంటు ఇచ్చింది. బేగంపేటను మూయించింది. వీటన్నిటి మీద మళ్లీ చుట్టూ గీత కూడా గీసివ్వడం మోతాదు మించడమే అంటారు విమర్శకులు. పైగా మొదట ఏడాదికి కోటీ 20 లక్షల మంది కోసం కట్టిన శంషాబాద్‌లో 2023-24లో రెండున్నర కోట్ల మంది రాకపోకలు సాగించారు. భయపడిన నష్టం రాలేదు. రోజుకు రెండు మూడు చిన్న విమానాలు వచ్చే వరంగల్ దానికి పోటీ ఎలా అవుతుంది?

నాకు ఈ రెండో ప్రశ్న సబబుగానే అనిపిస్తుంది. 2004లో ఆ షరతు అవసరం కావచ్చు. కానీ అందులో పెద్ద అంతర్జాతీయ విమానాశ్రయానికీ, డెబ్బై సీట్ల విమానం దిగే ఊరికీ తేడా పెట్టి ఉంటే ఇరవై ఏళ్లు ఉత్తరాలు రాసుకునే పని ఉండేది కాదు.

రన్‌వే ఒక్కటే కాదు, దాని చుట్టూ నేల

మామునూరు కొత్త పేరేం కాదు. నిజాం హయాంలో 1930లలో కట్టిన ఎయిర్‌స్ట్రిప్ అది. 1981 తర్వాత మూలన పడింది. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చేతిలో అక్కడ 696 ఎకరాలున్నాయి. "అంత నేల ఉండగా ఇంకా 253 ఎకరాలు దేనికి?" అని నక్కలపల్లి, గుంటూరుపల్లి, గాడేపల్లి రైతులు అడిగారు. జవాబు విమానాల కొలతల్లో ఉంది.

ఏటీఆర్-72 అనే ఫ్యాన్ల విమానంలో 70 మందికి పైగా కూర్చోవచ్చు. దానికి 1,400 మీటర్ల రన్‌వే ఉన్నా సర్దుకుంటుంది. 180 సీట్ల ఎయిర్‌బస్ 320కి రెండు కిలోమీటర్లకు పైగా కావాలి. మన దగ్గర ఎండ ఇంకో సమస్య. మే నెలలో 43 డిగ్రీలు దాటితే గాలి పలచబడుతుంది. రెక్కలకు పట్టు తగ్గి, ఇంజిన్ బలమూ తగ్గి, అదే బరువుతో లేవడానికి ఇంకా ఎక్కువ దూరం పరుగెత్తాలి. అందుకే మామునూరును 2.8 కిలోమీటర్లకు పెంచాలన్నది లక్ష్యం. (శంషాబాద్ రన్‌వే 4,260 మీటర్లు, అక్కడ ఎంత పెద్ద విమానమైనా దిగుతుంది.)

ఇక వెడల్పు. రన్‌వే మీద తారు 45 మీటర్లే. కానీ పొగమంచులో పరికరాల సాయంతో దిగే పెద్ద రన్‌వేకు, విమానం పక్కకు జారినా దేనికీ తగలకుండా మధ్య గీత నుంచి అటు 140, ఇటు 140 మీటర్లు ఖాళీ నేల ఉండాలి. 2,800 మీటర్లను 280తో హెచ్చిస్తే 7,84,000 చదరపు మీటర్లు. అంటే దాదాపు 194 ఎకరాలు, ఒక్క రన్‌వేకే! దీనికి రెండు చివర్ల భద్రతా స్థలం, లైట్ల వరుస, ట్యాక్సీ దారి, విమానాలు ఆగే చోటు, టెర్మినల్, కంట్రోల్ టవర్, ఫైర్ స్టేషన్ కలపాలి. పైగా నేల ఎన్ని ఎకరాలున్నా సరిపోదు, పొడవుగా ఒకే వరుసలో ఉండాలి. 696 ఎకరాలుండీ చాలకపోవడం అందుకే.

2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఈ 253 ఎకరాల సేకరణకు 205 కోట్లు మంజూరు చేసింది. సగటున ఎకరానికి 81 లక్షలు. వినడానికి పెద్ద మొత్తమే. రైతుల బాధ వేరు. 2013 భూసేకరణ చట్టం ధరను లెక్కించేది ప్రధానంగా రిజిస్ట్రేషన్ పత్రాల నుంచి. మన దగ్గర పత్రంలో రాసే ధరకూ, చేతులు మారే డబ్బుకూ ఎంత దూరమో అందరికీ తెలిసిందే. పైగా విమానాశ్రయం అన్న మాట వినిపించగానే చుట్టుపక్కల ధరలు లేచి కూర్చున్నాయి. ఇచ్చిన పరిహారంతో అదే మండలంలో అంతే నేల మళ్లీ కొనలేని రైతుకు 'అభివృద్ధి' అన్న మాట చేదుగానే ఉంటుంది. ఆలస్యమైన కొద్దీ కట్టే ఖర్చు పెరుగుతుందన్నది అధికారుల మాట. రెండూ ఒకేసారి నిజం కావడమే ఇక్కడి చిక్కు.

అసలు మొండి తాళం: విమానం నడిపేదెవరు

రన్‌వే, టెర్మినల్ ప్రభుత్వం కట్టగలదు. విమానం మాత్రం కంపెనీ నడపాలి, దానికి లెక్క గిట్టాలి. ఈ లెక్క గిట్టించడానికి వచ్చిందే 'ఉడాన్' పథకం. 2017 ఏప్రిల్ 27న దాన్ని మొదలుపెట్టినప్పుడు ఎగిరిన మొదటి మూడు మార్గాల్లో రెండు మనవే: కడప-హైదరాబాద్, నాందేడ్-హైదరాబాద్. రెండూ నడిపింది హైదరాబాద్ కంపెనీ ట్రూజెట్.

పథకం పనిచేసే తీరు ఇలా. విమానంలో సుమారు సగం సీట్లను గంట ప్రయాణానికి రూ.2,500 లాంటి పరిమిత ధరకు అమ్మాలి (తర్వాత ఆ పరిమితి పెరిగింది). అందువల్ల వచ్చే లోటును ప్రభుత్వం పూడుస్తుంది. దీన్నే వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ అంటారు. ఆ డబ్బులో 80 శాతం పెద్ద మార్గాల్లో తిరిగే విమానాల మీద వేసిన లెవీ నిధి నుంచి వస్తుంది, 20 శాతం రాష్ట్రం ఇస్తుంది. అంటే హైదరాబాద్-ఢిల్లీ విమానం ఎక్కే మా అన్న తనకు తెలియకుండానే ఎక్కడో చిన్న ఊరి టికెట్‌కు చందా ఇస్తున్నాడన్నమాట. పూడ్చేది మూడేళ్లే. ఆ మూడేళ్లూ ఆ మార్గం మీద ఆ కంపెనీకే హక్కు.

అర్థం కావడానికి ఊహించిన అంకెలతో ఒక లెక్క చూద్దాం. 70 సీట్ల విమానం ఒకసారి ఎగరడానికి 2,80,000 ఖర్చనుకుందాం. 35 సీట్లు 2,500 చొప్పున అమ్మితే 87,500. మిగతా 35లో 25 సీట్లు 4,000 చొప్పున పోతే లక్ష. మొత్తం 1,87,500. లోటు 92,500. పథకం ఉన్నన్నాళ్లూ ఇది పూడుతుంది, అందులో రాష్ట్రం వాటా 18,500. నాలుగో ఏడాది సాయం ఆగిపోతుంది. అప్పుడు 60 సీట్లు నిండినా ఒక్కో టికెట్ సుమారు 4,670 ఉంటే గానీ ఖర్చు రాదు. అటు శంషాబాద్ నుంచి అదే ఊరికి రోజుకు పదుల విమానాలు, వాటి మధ్య పోటీ, కొన్నిసార్లు మూడు వేలకే టికెట్. చిన్న ఊరి ప్రయాణికుడు తేడా చూసి మళ్లీ ఉప్పల్ బస్సు ఎక్కేస్తాడు.

ఇది ఊహ మాత్రమే కాదని 2023లో కాగ్ నివేదిక చూపించింది. ఉడాన్ మూడో విడత దాకా ఇచ్చిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లు పూర్తి చేసినవి 112. సాయం ఆగాక కూడా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54. ట్రూజెట్ సంగతి సరేసరి, 2022లోనే ఆగిపోయింది.

పథకం విఫలమైందని తేల్చేయడం మాత్రం తొందరపాటు. దానివల్ల కడప, నాందేడ్ లాంటి ఊళ్లకు విమానం అలవాటైంది. మూడేళ్లలో కోవిడ్ రెండేళ్లు తినేసింది. రోడ్డు, రైలు సరిగా లేని చోట దాని విలువను టికెట్ల లెక్కతో కొలవలేం. కానీ వరంగల్ అలాంటి చోటు కాదు. నాలుగు వరుసల రోడ్డుంది, కాజీపేట జంక్షన్ ఉంది, వందేభారత్ ఆగుతుంది.

వరంగల్‌లో ఎక్కేవాళ్లెవరు

వరంగల్ నుంచి హైదరాబాద్‌కు ఎవరూ విమానంలో రారు. కాబట్టి మామునూరు బతకాలంటే బెంగళూరు, ఢిల్లీ, ముంబై, తిరుపతి లాంటి ఊళ్లకు తిన్నగా వెళ్లేవి కావాలి. ఒక ప్రయాణం లెక్క వేద్దాం. ఉదయం పదింటికి శంషాబాద్‌లో బెంగళూరు విమానం. హనుమకొండలో నాలుగున్నరకు కారు ఎక్కితే ఎనిమిదికి చేరతాం, పదకొండూ పదికి బెంగళూరులో దిగుతాం. మొత్తం ఆరు గంటల నలభై నిమిషాలు. అదే మామునూరు నుంచి పదింటికి ఉంటే ఎనిమిదింటికి ఇల్లు కదిలితే చాలు. మూడున్నర గంటల నిద్ర మిగిలింది, రెండున్నర మూడు వేల కారు ఖర్చూ మిగిలింది. టికెట్ వెయ్యి ఎక్కువైనా గిట్టుబాటే.

ఇక్కడొక మెలిక ఉంది. ఆ విమానం పదింటికే ఉండాలి, రోజూ ఉండాలి. వారానికి మూడు రోజులు, మధ్యాహ్నం రెండింటికి మాత్రమే ఉంటే, పని మీద వెళ్లేవాడు ఒక రాత్రి హోటల్ ఖర్చు పెట్టుకోవడం కన్నా శంషాబాద్ వెళ్లడమే నయం అనుకుంటాడు. జనం రావట్లేదని కంపెనీ సర్వీసు తగ్గిస్తుంది, సర్వీసు లేదని జనం రారు.

టెక్స్‌టైల్ పార్కు, ఎన్ఐటీ, ఆసుపత్రులు, రామప్ప చూడటానికి వచ్చేవాళ్లు, రెండేళ్లకోసారి మేడారం, వీటితో డిమాండ్ వస్తుందని మద్దతుదారులు అంటారు. విదేశాల్లో ఉన్న వరంగల్ పిల్లల సంఖ్య కూడా తక్కువేం కాదు. కాకపోతే వాళ్లకు అంతర్జాతీయ విమానం శంషాబాద్‌లోనే. వాళ్ల అమ్మానాన్నలు రోడ్డు మీదే వస్తారు.

బీదర్ సంగతి చెబుతానన్నాను. 2020లో మొదలైన బెంగళూరు సర్వీసు మధ్యలో ఆగింది, చేయి మారి మళ్లీ నడిచింది, 2023 చివర్లో పూర్తిగా ఆగింది, 2025లో మళ్లీ మొదలైంది. అక్కడ గీత సమస్య లేదు, భూమి సమస్య లేదు, వైమానిక దళం రన్‌వే తయారుగా ఉంది.

ఇదంతా మా అన్నకు చెప్పాను. చేయి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ అడిగాడు: "గదంత సరే గాని, బెంగళూరుకు రోజూ ఉంటదా, వారానికి మూడు దినాలేనా?" అని అడిగి, మూడింటికి అలారం పెట్టుకుని పడుకున్నాడు.